లాప్‌టాప్, టీవీ, హోమ్ థియేటర్: ఐదు స్పీకర్లున్నా రెండింటి సౌండే ఎందుకు వస్తోంది?

లాప్‌టాప్‌కీ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే బొమ్మ వచ్చేస్తుంది. అక్కడిదాకా ఎవరి సాయమూ అక్కర్లేదు. చిక్కంతా సౌండ్ దగ్గర మొదలవుతుంది. బొమ్మ టీవీలో కనిపిస్తుంటే మాటలు లాప్‌టాప్‌లోంచి వినిపిస్తాయి. అది సర్దితే సౌండ్ టీవీ స్పీకర్లలోకి వస్తుంది గానీ కిందున్న హోమ్ థియేటర్‌లోకి వెళ్లదు. అదీ కుదిరాక ఐదు స్పీకర్లూ మోగుతాయి. కానీ ముందు వినిపించేదే వెనకా వినిపిస్తుంది. సినిమాలో వాన కురుస్తుంటే ఆ వాన మన చుట్టూ పడదు, టీవీ దగ్గరే పడి ఆగిపోతుంది.

ఈ దశలో చాలామంది కేబుల్ మారుస్తారు. అది కుదరకపోతే ఇంకా ఖరీదైన కేబుల్ కొంటారు. ఆ డబ్బు ఎక్కువసార్లు వృథానే. ఏ పెట్టెని దేనికి ముందు పెట్టాం, దేనికి వెనక పెట్టాం అన్న వరస మీదే దాదాపు అంతా ఆధారపడి ఉంటుంది. లాప్‌టాప్‌కి మీ హాల్లో ఎన్ని స్పీకర్లున్నాయో తెలియదు. తనకి నేరుగా తగిలించిన పెట్టె ఏం చెబితే అదే నమ్ముతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

కేబుల్ పెట్టగానే లోపల జరిగేది

హెచ్‌డీఎంఐ మొదటి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. సోనీ, ఫిలిప్స్, తోషిబా, హిటాచీ వంటి ఏడు కంపెనీలు కలిసి దాన్ని తయారుచేశాయి. అంతకుముందు కంప్యూటర్‌ని తెరకు కలిపే నీలం రంగు వీజీఏ కేబుల్లో బొమ్మ మాత్రమే వెళ్లేది, సౌండ్‌కి వేరే వైరు లాక్కోవాలి. హెచ్‌డీఎంఐలో రెండూ ఒకే కేబుల్లో వెళతాయి. అందులో 19 పిన్నులుంటాయి గానీ సౌండ్ కోసం ప్రత్యేకంగా కేటాయించిన తీగ అంటూ లేదు. బొమ్మలో ఒక గీత పంపడం అయిపోయి తర్వాతి గీత మొదలయ్యేలోపు కాస్త ఖాళీ సమయం ఉంటుంది. సౌండ్ ఆ ఖాళీల్లో దూరి ప్రయాణిస్తుంది. అందుకే హెచ్‌డీఎంఐలో బొమ్మ లేకుండా సౌండ్ ఒక్కటే పంపడం కుదరదు. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఆ 19 పిన్నుల్లో రెండు మాటామంతీకి ఉన్నాయి. కేబుల్ పెట్టగానే టీవీ తాను ఉన్నానని ఒక పిన్ను ద్వారా సంకేతమిస్తుంది. వెంటనే లాప్‌టాప్ ఈ రెండు పిన్నుల మీదుగా టీవీలో దాచి ఉన్న ఒక చిన్న జాబితాను చదువుకుంటుంది. ఆ జాబితాను ఈడీఐడీ అంటారు. కంప్యూటర్ మానిటర్ల కోసం 1994లో పుట్టిన పద్ధతి ఇది, తర్వాత టీవీలకోసం అందులో సౌండ్ వివరాలు కూడా చేర్చారు. టీవీ ఏ సైజు బొమ్మ చూపగలదు, సెకనుకి ఎన్నిసార్లు మార్చగలదు, ఏ రకం సౌండ్ అర్థం చేసుకోగలదు, ఎన్ని చానెళ్లు (ఒక్కో స్పీకర్‌కి విడిగా వెళ్లే సౌండ్) తీసుకోగలదు అన్నీ అందులో రాసి ఉంటాయి.

పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు విస్తరి ముందున్న మనిషి ఎంత చాలంటే అంతే వడ్డిస్తారు, వెనక నిలబడినవాళ్ల ఆకలి వాళ్లకి తెలియదు. లాప్‌టాప్ కూడా అంతే. మామూలు టీవీకి ఉండేవి రెండు స్పీకర్లు, చాలా టీవీలు తమ జాబితాలో "రెండు చానెళ్లు చాలు" అనే రాసుకుంటాయి. ఆ టీవీ వెనక మీరు ఎంత పెద్ద హోమ్ థియేటర్ తగిలించినా లాప్‌టాప్ రెండు చానెళ్లే వడ్డిస్తుంది. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, టీవీ పేరు ఎంచుకుని 'కాన్ఫిగర్' నొక్కితే 'స్టీరియో' ఒక్కటే కనిపించి 5.1 (ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్, మొత్తం ఆరు చానెళ్లు) కనిపించకపోవడానికి కారణం ఇదే. డ్రైవర్ మళ్లీ ఎక్కించినా, విండోస్ కొత్తగా వేసినా అది మారదు. ముందున్న పెట్టె మారితేనే మారుతుంది.

స్విచ్ వేసే వరస కూడా ఇక్కడ ముఖ్యమే. లాప్‌టాప్ జాబితా చదువుకునే వేళకి రిసీవర్ (స్పీకర్ వైర్లన్నీ వచ్చి చేరే యాంప్లిఫయర్ పెట్టె) ఆఫ్‌లో ఉంటే అది చదివేది తప్పుడు జాబితా కావచ్చు. టీవీ, రిసీవర్ ముందు ఆన్ చేసి, రిమోట్‌తో సరైన ఇన్‌పుట్ ఎంచుకుని, చివరగా లాప్‌టాప్ తగిలించండి. నిన్న వచ్చిన 5.1 ఇవాళ రాకపోతే ముందు చేయాల్సింది కేబుల్ పీకి మళ్లీ పెట్టడం. దాంతో లాప్‌టాప్ జాబితాను కొత్తగా అడుగుతుంది.

వరస ఎలా ఉండాలి

అన్నిటికంటే మంచి దారి లాప్‌టాప్ నుంచి రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి. రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఇన్ పోర్టులుంటే లాప్‌టాప్ కేబుల్ అక్కడ పెట్టి, దాని హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి టీవీకి ఇంకో కేబుల్ లాగండి. ఇప్పుడు లాప్‌టాప్ అడిగే ప్రశ్నకి సౌండ్ విషయంలో జవాబిచ్చేది రిసీవర్. అది ఎనిమిది చానెళ్ల దాకా తీసుకోగలనని చెబుతుంది. సౌండ్ తన దగ్గర ఉంచుకుని బొమ్మని టీవీకి పంపేస్తుంది. విండోస్‌లో 5.1, 7.1 రెండూ ప్రత్యక్షమవుతాయి. సినిమా, గేమ్, పాట ఏదైనా సరే, ఎన్ని చానెళ్లుంటే అన్నీ అందుతాయి. రిసీవర్‌కి ఈ ఇన్ పోర్టు ఉంటే వేరే దారి ఆలోచించనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

ఇక్కడ ఒక హెచ్చరిక. డీవీడీల కాలంలో కొన్న హోమ్ థియేటర్లు మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటి వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటే ఉంటుంది, దాని మీద 'అవుట్' అని రాసి ఉంటుంది. అది డీవీడీ బొమ్మని టీవీకి పంపడానికి పెట్టినది. లాప్‌టాప్ కేబుల్ అందులో సరిగ్గానే దూరుతుంది గానీ ఏమీ రాదు. రెండు చివర్లా పంపేవాళ్లే ఉంటే తీసుకునేవాళ్లెవరు? కొనేముందైనా, కనెక్షన్ ఇచ్చేముందైనా 'ఇన్' అనే అక్షరాలు వెతకండి.

రెండో దారి లాప్‌టాప్ నుంచి టీవీకి, టీవీ నుంచి హోమ్ థియేటర్‌కో సౌండ్‌బార్‌కో. ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఇదే, ఎక్కువ తికమక పుట్టేదీ ఇక్కడే. టీవీ నుంచి సౌండ్ బయటికి రావడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఎర్రటి వెలుగు కనిపించే ఆప్టికల్ కేబుల్. రెండోది ఏఆర్‌సీ, అంటే టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాంట్లోంచి సౌండ్ వెనక్కి రావడం. ఆ పోర్టు పక్కన ఏఆర్‌సీ అని ప్రత్యేకంగా రాసి ఉంటుంది. అక్కడ సౌండ్‌బార్ పెట్టాలి, లాప్‌టాప్ వేరే పోర్టులో పెట్టాలి. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (హెచ్‌డీఎంఐ మీదుగా ఒక పెట్టె ఇంకోదాన్ని నడిపే సౌకర్యం) కూడా ఆన్ చేయాల్సి రావచ్చు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది.

ఈ దారుల వెడల్పు ఎంతో లెక్క వేసి చూస్తే మిగతా కథంతా అర్థమవుతుంది. కుదించని డిజిటల్ సౌండ్‌ని పీసీఎం అంటారు. సినిమాలకి వాడే పీసీఎంలో ఒక్కో చానెల్‌కి సెకనుకి 48,000 కొలతలు, ఒక్కో కొలతకి 16 బిట్లు. రెండు చానెళ్లకి లెక్క కడితే సెకనుకి 15,36,000 బిట్లు, సుమారు ఒకటిన్నర మెగాబిట్లు. ఆరు చానెళ్లకైతే 46,08,000 బిట్లు. ఆప్టికల్ కేబుల్‌ని తోషిబా 1983లో సీడీ ప్లేయర్ల కోసం తెచ్చింది. సీడీలో ఉండేది రెండు చానెళ్లే కాబట్టి ఆ దారిని రెండు చానెళ్ల పీసీఎంకి సరిపడా వేశారు. ఆరు చానెళ్లు కుదించకుండా దాంట్లో వెళ్లలేవు.

మరి ఇదే ఆప్టికల్ కేబుల్లో డీవీడీ 5.1 ఎలా వచ్చేది? 1992లో సినిమా హాళ్లకి వచ్చిన డాల్బీ డిజిటల్ ఆ ఆరు చానెళ్లనీ బాగా కుదించి కడుతుంది. డీవీడీలో ఆ మూట సెకనుకి 448 కిలోబిట్లు మించదు, ఆ ఫార్మాట్ గరిష్ఠ పరిమితి 640 కిలోబిట్లు. అంటే కుదించిన ఆరు చానెళ్లు, కుదించని రెండు చానెళ్లలో సగం చోటు కూడా తీసుకోవు. అందుకే ఇరుకు దారిలోనూ సులువుగా వెళ్లిపోయేవి. అవతల హోమ్ థియేటర్ ఆ మూట విప్పి ఆరు స్పీకర్లకీ పంచేది.

2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీకీ దాదాపు ఇదే పరిమితి వారసత్వంగా వచ్చింది. డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కొత్త మూటని కూడా చాలా టీవీలు ఏఆర్‌సీలో పంపుతాయి, అంతవరకే తేడా. ఇప్పుడు ఒక వింత చూడండి. లాప్‌టాప్‌ని టీవీకి పెట్టి సినిమా ఫైల్ వేస్తే 5.1 వస్తుంది, అదే లాప్‌టాప్‌లో గేమ్ ఆడితే రెండు చానెళ్లే. సినిమాలో డాల్బీ మూట ముందే కట్టి ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు పంపితే సరిపోయింది. గేమ్‌లో తుపాకీ ఎటు పేలుతుందో ఆ క్షణందాకా తెలియదు, సౌండ్ అప్పటికప్పుడు ఆరు చానెళ్ల పీసీఎంగా తయారవుతుంది, దానికి ఈ దారి చాలదు. అప్పటికప్పుడు మూటకట్టే డాల్బీ డిజిటల్ లైవ్ సౌకర్యం కొన్ని సౌండ్ కార్డుల్లో ఉంటుంది గానీ మామూలు లాప్‌టాప్‌లో అరుదు.

2017లో హెచ్‌డీఎంఐ 2.1తో పాటు ఈఏఆర్‌సీ వచ్చాక ఈ దారి బాగా వెడల్పయింది. సెకనుకి సుమారు 37 మెగాబిట్లు, ఎనిమిది చానెళ్ల పీసీఎం కుదించకుండా వెళ్లిపోతుంది. అయితే టీవీలోనూ సౌండ్‌బార్‌లోనూ రెండింట్లోనూ అది ఉండాలి. వెనక ఉన్న సౌండ్‌బార్ శక్తిని టీవీ తన జాబితాలో లాప్‌టాప్‌కి చెప్పాలి కూడా. కొన్ని టీవీలు చెబుతాయి, కొన్ని చెప్పవు. టీవీ కొనడానికి వెళ్లినప్పుడు లాప్‌టాప్ పట్టుకెళ్లి చూసుకోవడం కంటే మంచి పరీక్ష లేదు.

టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ అనే చోట పీసీఎం, ఆటో, పాస్‌త్రూ అని ఎంపికలుంటాయి. పీసీఎం అని ఉంటే టీవీయే మూట విప్పి రెండు చానెళ్లుగా కలిపేస్తుంది. అక్కడ ఆటో గానీ పాస్‌త్రూ గానీ పెట్టండి. కొన్ని పాత టీవీలు తమలో నేరుగా వచ్చే టీవీ కార్యక్రమాల 5.1ని ఆప్టికల్‌లో పంపుతాయి గానీ హెచ్‌డీఎంఐలో లోపలికి వచ్చినదాన్ని రెండు చానెళ్లు చేసేస్తాయి. అలాంటి టీవీ మీ ఇంట్లో ఉంటే సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టినా లాభం లేదు, దారి మార్చాల్సిందే.

మూడో దారి అలాంటప్పుడే అక్కరకొస్తుంది. టీవీ కొత్త 4కె, రిసీవర్ పాతది, 4కె బొమ్మని పూర్తిగా దాటించలేదు అనుకుందాం. లాప్‌టాప్‌కి బొమ్మ ఇచ్చే పోర్టులు రెండుంటే ఒకటి నేరుగా టీవీకి, రెండోది రిసీవర్‌కి పెట్టండి. బొమ్మ లేకుండా సౌండ్ వెళ్లదని మొదట్లో అనుకున్నాం కదా, అందువల్ల విండోస్ ఆ రిసీవర్‌ని కూడా ఒక తెర అనుకుంటుంది. మౌస్ బాణం ఎవరికీ కనిపించని ఆ తెరలోకి వెళ్లిపోయి మాయమవుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ రెండో తెరని ఓ మూలకి, కొసలు మాత్రమే తగిలేట్టు జరిపితే బాణం అటు పోవడం తగ్గుతుంది.

మూట ఎవరు విప్పాలి

సినిమా ఫైల్లో ఉన్న డాల్బీ, డీటీఎస్ మూటల్ని లాప్‌టాప్ విప్పవచ్చు, లేదా విప్పకుండా పంపితే రిసీవర్ విప్పవచ్చు. వీఎల్‌సీ, కోడీ లాంటి ప్లేయర్లలో పాస్‌త్రూ అనే సెట్టింగ్ దీనికోసమే. మొదటి దారిలో, అంటే రిసీవర్‌కి నేరుగా పెట్టినప్పుడు, 5.1 వరకు ఎవరు విప్పినా వినికిడిలో తేడా ఉండదు. ఆప్టికల్, ఏఆర్‌సీ దారుల్లో మాత్రం పాస్‌త్రూ ఆన్ చేయకపోతే 5.1 రానే రాదు. లాప్‌టాప్ మూట విప్పేసిందంటే ఆరు చానెళ్లు ఆ ఇరుకు దారిలో పట్టవు, రెండుగా కలిసిపోతాయి. డాల్బీ అట్మాస్ కావాలన్నా పాస్‌త్రూ ఉండాల్సిందే. స్పీకర్లు పైకప్పు నుంచీ వినిపించేలా చేసే ఆ అదనపు సమాచారం మూటలోపలే ఉంటుంది.

పాస్‌త్రూ పెట్టాక లాప్‌టాప్ వాల్యూమ్ మీటలు పనిచేయకపోతే కంగారుపడకండి. కట్టి ఉన్న మూటని లాప్‌టాప్ పెంచలేదు, తగ్గించలేదు. రిసీవర్ రిమోటే వాడాలి. మెయిల్ వచ్చినప్పుడు వినిపించే టింగుమనే శబ్దం కూడా సినిమా మధ్యలో వినిపించదు. నాకైతే అది లాభమే అనిపిస్తుంది.

నిజంగా 5.1 వస్తోందా లేదా అన్నది చెవులతో తేల్చుకోవడం కష్టం. రెండు చానెళ్ల సౌండ్‌ని ఐదు స్పీకర్లకీ పరిచే ప్రో లాజిక్ లాంటి సౌకర్యాలు చాలా రిసీవర్లలో ఉంటాయి. అన్ని స్పీకర్లూ మోగుతున్నాయి కదా అని తృప్తిపడిపోతాం. రిసీవర్ డిస్‌ప్లే మీద ఏముందో చదవండి. డాల్బీ డిజిటల్ అనో, డీటీఎస్ అనో, మల్టీ చానెల్ అనో వస్తే నిజమైనదే కావచ్చు. పీసీఎం 2.0 అని గానీ, స్టీరియో అని గానీ వస్తే వెనక స్పీకర్లలో మీరు వింటున్నది రిసీవర్ అల్లినదే. పాత సినిమా పాటలు వినడానికి ఆ అల్లిక బాగానే ఉంటుంది, తప్పేం లేదు. కానీ 5.1 కోసం డబ్బు పెట్టినవాళ్లకి తేడా తెలియాలి.

రంగురంగుల పిన్నులున్న సెట్టు

మన ఊళ్లలో 5.1 అంటే రిసీవర్లకంటే ఎక్కువగా కనిపించేవి పెద్ద ఊఫర్ పెట్టె, ఐదు చిన్న స్పీకర్లు ఉన్న సెట్లు. వాటి వెనక ఆప్టికల్ ఉండదు, హెచ్‌డీఎంఐ ఉండదు, ఆరు గుండ్రటి ఆర్‌సీఏ పిన్ను సాకెట్లుంటాయి. వాటికి మూడు వైర్లు వస్తాయి, పిన్నులు ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగుల్లో ఉంటాయి. ఆకుపచ్చది ముందు స్పీకర్లకి, నలుపు వెనక స్పీకర్లకి, నారింజ మధ్య స్పీకర్‌కీ ఊఫర్‌కీ. పాత డెస్క్‌టాప్‌ల వెనక ఇవే రంగుల్లో మూడు బెజ్జాలుండేవి. లాప్‌టాప్‌కి ఉన్నది ఒక్క హెడ్‌ఫోన్ బెజ్జం. దాంట్లోంచి వచ్చేవి ఎడమ, కుడి రెండే చానెళ్లు. ఒకటిని మూడు చేసే జాయింట్ పిన్ను కొని పెడితే ఆ రెండే ఆరు స్పీకర్లలో మోగుతాయి. బ్లూటూత్ కూడా ఈ సెట్లలో రెండు చానెళ్లదే.

ఈ సెట్లకి నిజమైన 5.1 రావాలంటే రెండు మార్గాలు. యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి. కొనేటప్పుడు బెజ్జాలు లెక్కపెట్టండి. స్పీకర్ల కోసం కనీసం మూడు ఉండాలి. పెట్టె మీద 7.1 అని రాసి హెడ్‌ఫోన్‌కీ మైకుకీ ఒక్కో బెజ్జమే ఉన్న చిన్న ముక్కలు చాలా అమ్ముతారు, అవి ఉత్త భ్రమ కల్పించేవి. రెండోది, ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ తీసుకుని డాల్బీ మూట విప్పి ఆరు పిన్నుల్లోకి పంచే డీకోడర్ పెట్టె. సినిమాలు మాత్రమే చూసేవాళ్లకి ఇది బాగుంటుంది, టీవీలోని యాప్‌లకీ పనికొస్తుంది.

ఈ సెట్లు వాడేవాళ్లు తరచూ చెప్పే ఒక ఇబ్బందికి కారణం కూడా ఇక్కడే ఉంది. పాటలు, ఫైట్లు గట్టిగా వినిపిస్తాయి, మాటలు మాత్రం ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంటాయి. 5.1 సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ చానెల్లో ఉంటాయి. విండోస్‌లో 5.1 అని పెట్టి ఆకుపచ్చ పిన్ను ఒక్కటే తగిలిస్తే ఆ మధ్య చానెల్ ఎవరికీ అందకుండా పోతుంది. ఉన్నది రెండు చానెళ్ల కనెక్షనే అయితే విండోస్‌లోనూ స్టీరియో అనే పెట్టండి. అప్పుడు లాప్‌టాప్ మధ్య చానెల్‌ని ఎడమ, కుడి రెండింట్లోనూ కలిపి పంపుతుంది, మాటలు తిరిగి వస్తాయి.

బొమ్మ సంగతి

బొమ్మ వచ్చేస్తుంది అన్నాను గానీ అది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి. విండోస్ మీటతో పాటు పి నొక్కితే వచ్చే పట్టీలో డూప్లికేట్ ఎంచుకుంటే రెండు తెరలకీ ఒకటే సైజు పడి ఏదో ఒకటి మసకబారే అవకాశం ఎక్కువ. సినిమా చూసేటప్పుడు 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' మేలు.

తెర అంచుల్లో టాస్క్‌బార్ తెగిపోతోందంటే అది ఓవర్‌స్కాన్. గాజు బుడగ టీవీల కాలంలో అంచులు సరిగ్గా ఉండేవి కావని బొమ్మని కొంచెం పెద్దది చేసి చూపేవాళ్లు, ఆ అలవాటు ఫ్లాట్ టీవీలకీ వచ్చింది. లాప్‌టాప్‌లో సరిచేసే ముందు టీవీ పిక్చర్ సైజు సెట్టింగ్స్‌లో చూడండి. జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్, ఇలా ఏదో పేరుతో ఉంటుంది. ఆ ఇన్‌పుట్ పేరుని 'పీసీ' అని మార్చుకోవడం కూడా చాలా టీవీల్లో మంచి ఫలితమిస్తుంది. రంగుల వివరాన్ని సగానికి తగ్గించే అలవాటు టీవీలకుంది. సినిమాలో అది తెలియదు గానీ నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పీసీ అని పెడితే అవి తేటపడతాయి.

హెచ్‌డీ రెడీ అని అమ్మే 32 అంగుళాల టీవీల్లో చాలావాటి తెర 1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు. వాటికి 1920, 1080 బొమ్మ పంపితే తీసుకుంటాయి గానీ కుదించి చూపుతాయి. అక్షరాలు పూర్తిగా పదునుగా రావు. అది కేబుల్ లోపం కాదు.

4కె టీవీలో మౌస్ బాణం గెంతుతున్నట్టుంటే సెకనుకి 30 సార్లే బొమ్మ మారుతోందని అర్థం. 4కె బొమ్మ సెకనుకి 60 సార్లు మారాలంటే కేబుల్లో దాదాపు 17.82 గిగాబిట్లు వెళ్లాలి. హెచ్‌డీఎంఐ 1.4 శక్తి 10.2. అందుకే అది 30 దగ్గర ఆగిపోతుంది. 2013లో వచ్చిన 2.0కి 18 గిగాబిట్ల శక్తి ఉంది. లాప్‌టాప్ పోర్టు, టీవీ పోర్టు, మధ్యలో అడాప్టర్ ఉంటే అదీ, అన్నీ ఆ స్థాయివి అయి ఉండాలి. టైప్ సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక అడాప్టర్లలో చాలా 30 వే. పైగా టైప్ సి బెజ్జం ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని లేదు. దాని పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ మెరుపు గుర్తు గానీ ఉందేమో చూడండి, లేదంటే లాప్‌టాప్ మోడల్ వివరాల్లో వెతకండి. ఛార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే పనికొచ్చే టైప్ సి పోర్టులు చాలా ఉన్నాయి.

కేబుల్ విషయానికొస్తే, రెండు మీటర్ల లోపు అయితే ప్రీమియం హై స్పీడ్ సర్టిఫికేషన్ లేబుల్ ఉన్న మామూలు కేబుల్ చాలు. బంగారు పూత వల్ల బొమ్మ అందంగా మారదు. డిజిటల్‌లో వస్తే పూర్తిగా వస్తుంది, చెడితే చుక్కలు మెరుస్తాయి లేదా తెర నల్లబడుతుంది. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి గోడల్లోంచి లాగాలంటే మాత్రం లోపల ఫైబర్ ఉన్న కేబుల్ తీసుకోండి. దానికి ఏ కొస లాప్‌టాప్‌కో, ఏ కొస టీవీకో రాసి ఉంటుంది. తిరగేసి గోడలో పూడ్చేస్తే మళ్లీ పగలగొట్టాలి.

ఓటీటీ ఎందుకు మొరాయిస్తుంది

సినిమా ఫైల్ బాగా వచ్చి, ఓటీటీలో మాత్రం తెర నల్లబడినా, బొమ్మ నాసిగా వచ్చినా హెచ్‌డీసీపీని అనుమానించాలి. కాపీ జరగకుండా ఇంటెల్ రూపొందించిన తాళం అది. దారిలో ఉన్న ప్రతి పెట్టె దగ్గరా ఆ తాళంచెవి ఉండాలి, 4కె అయితే 2.2 రకం కావాలి. మధ్యలో పాత రిసీవరో స్ప్లిటరో ఒక్కటి ఉన్నా చాలు, నాణ్యత పడిపోతుంది. పైగా బ్రౌజర్‌లో చూస్తే చాలాసార్లు వచ్చేవి రెండు చానెళ్లే. అందుకే ఓటీటీ వరకు టీవీలో ఉన్న యాప్‌నే వాడమని చెబుతాను. అందులో 5.1 నేరుగా ఏఆర్‌సీ మీదుగా హోమ్ థియేటర్‌కి వెళుతుంది. లాప్‌టాప్‌ని మీ దగ్గరున్న ఫైళ్లకి, గేమ్‌లకి, విదేశాల్లోని పిల్లలతో వీడియో కాల్‌కి ఉంచుకోండి.

గుయ్‌మనే మోత, పెదవులకి అందని మాట

మాట పెదవులకంటే ముందే వచ్చేస్తోందంటే టీవీ బొమ్మకి మెరుగులు దిద్దడంలో ఆలస్యం చేస్తోందన్నమాట. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, అప్పటికీ తేడా ఉంటే రిసీవర్‌లో లిప్ సింక్ అనే సెట్టింగ్‌తో సౌండ్‌ని కాస్త వెనక్కి జరపండి.

స్పీకర్లలో ఎడతెగని గుయ్‌మనే మోత వేరే వ్యవహారం. లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే ఎర్తింగ్ తేడా. లాప్‌టాప్, యాంప్లిఫయర్, కేబుల్ టీవీ వైరు వేర్వేరు చోట్ల నేలకి కలిసి, వాటి మధ్య చిన్న కరెంటు తిరుగుతోందని అర్థం. అన్ని ప్లగ్గుల్నీ ఒకే స్విచ్ బోర్డుకి తీసుకురావడం మొదటి పని. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ కేబుల్ వాడండి, అందులో వెళ్లేది వెలుతురు కాబట్టి కరెంటు దాటదు. మోత పోతుందని ఛార్జర్‌కి మూడో పిన్ను తీసేసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి ఆ పని చేయకండి. హెచ్‌డీఎంఐ పిన్ను పెడుతుంటే చేతికి జివ్వుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. అలా పారే కరెంటు పోర్టుల్ని కాల్చగలదు. ఉరుములు మొదలైతే కేబుల్ టీవీ లేదా డిష్ వైరుతో పాటు హెచ్‌డీఎంఐ కూడా పీకేయండి. పిడుగు దగ్గర్లో పడితే ఆ వైరులోంచి వచ్చి టీవీని, టీవీలోంచి లాప్‌టాప్‌నీ తినేస్తుంది.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి

అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు ప్రకారం, మీరు టీవీకి ఎదురుగా కూర్చుంటే ముందు స్పీకర్లు చెరో పక్క 30 డిగ్రీల్లో, వెనకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. అంటే వెనకవి నిజానికి పక్కన, చెవి కంటే కాస్త వెనగ్గా. మన హాళ్లలో సోఫా వెనక గోడకి ఆనించే ఉంటుంది కాబట్టి వాటిని వెనక గోడకి కొట్టేస్తుంటారు, అప్పుడు పక్కకూర్చున్నవాళ్ల చెవిలో మోగుతాయి. పక్క గోడలకి, తల కంటే కొంచెం ఎత్తులో బిగించడం మేలు. మధ్య స్పీకర్‌ని షోకేస్ అర లోపలికి తోసేయకుండా అంచుకి తీసుకురండి, మాట ఎంత తేటపడుతుందో మీకే తెలుస్తుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ప్రతి శబ్దం రెండుసార్లు వినిపిస్తుంది. టీవీకీ సోఫాకీ మధ్య ఒక మందపాటి తివాచీ పరిస్తే చాలా తగ్గుతుంది.

రిసీవర్‌లో ఒక్కో స్పీకర్ దూరం అడిగే చోట టేపు పెట్టి కొలిచే వేయండి. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, దాన్ని బట్టి దగ్గరి స్పీకర్‌ని రిసీవర్ ఆలస్యం చేసి అన్నిటినీ ఒకేసారి మీ చెవికి చేరుస్తుంది. చివరగా విండోస్‌లో కాన్ఫిగర్ తెరిచి 5.1 ఎంచుకుని, బొమ్మలో కనిపించే స్పీకర్లని ఒక్కొక్కటే నొక్కండి. వెనక ఎడమది నొక్కితే కుడివైపు మోగిందా, వైర్లు తారుమారయ్యాయి. వెనకవి అసలు మోగలేదా, 5.1లో పక్క స్పీకర్లున్న రకం, వెనక స్పీకర్లున్న రకం అని రెండు కనబడతాయి, రెండోది పెట్టి చూడండి.